కంటి నంబరు ఒక్కటే చాలదు

కంటి పరీక్ష అనగానే మన కుటుంబాలలో చాలామందికి ఒకే దృశ్యం గుర్తుకు వస్తుంది. కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళడం, యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోవడం, గోడ మీది అక్షరాలు చదవడం, వచ్చిన నంబరు ప్రకారం అద్దాలు చేయించుకోవడం. పది నిమిషాలలో పని ముగుస్తుంది. అక్షరాలు స్పష్టంగా కనిపిస్తే కళ్ళు ఆరోగ్యంగా ఉన్నట్టేనని నిశ్చింత పడతాము. మళ్ళీ అద్దం పగిలేవరకు, లేదా పుస్తకంలోని అక్షరాలు మసకబారేవరకు అటువైపు వెళ్ళము.

ఈ నిశ్చింతలో ఒక ప్రమాదం దాగి ఉంది. చూపును శాశ్వతంగా హరించే వ్యాధులలో కొన్ని నంబరును ఏమాత్రం మార్చవు, నొప్పి కూడా కలిగించవు. నీటికాసుల వ్యాధి, అంటే గ్లాకోమా, కంటి నుండి మెదడుకు వెళ్ళే దృష్టినాడిని మెల్లమెల్లగా దెబ్బతీస్తుంది. ముందుగా పక్కచూపు పోతుంది. ఎదురుచూపు చివరివరకు బాగానే ఉండటం వల్ల రోగికి అనుమానమే రాదు. పోయిన చూపును తిరిగి తెచ్చే వైద్యం నేటికీ లేదు. మిగిలి ఉన్న చూపును కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది. మధుమేహం వల్ల కంటిపొరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతినడం కూడా ఇలాగే నిశ్శబ్దంగా మొదలవుతుంది. అందుకే నంబరు చూపించుకోవడానికీ, కంటిని పరీక్ష చేయించుకోవడానికీ మధ్య ఉన్న తేడా ప్రతి ఇంటికీ తెలియాలి. ఆ తేడాను, దానితోపాటు నేడు మన యువతీయువకులలో వ్యాపిస్తున్న కాంటాక్ట్ లెన్సుల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఎవరి వద్దకు వెళ్తున్నాము?

కంటి విషయంలో మనకు ముగ్గురు ఎదురవుతారు. ఇచ్చిన చీటీ ప్రకారం కళ్ళద్దాలు తయారు చేసి, ముఖానికి సరిపడేలా అమర్చి ఇచ్చేవారు ఆప్టీషియన్. చూపును కొలిచి, కంటిని లోపలా వెలుపలా పరిశీలించి, అద్దాలనూ లెన్సులనూ నిర్ణయించి, వ్యాధి లక్షణాలు కనిపిస్తే వైద్యుని వద్దకు పంపేవారు ఆప్టోమెట్రిస్ట్. వ్యాధికి చికిత్స చేసేవారు, శస్త్రచికిత్స చేసేవారు నేత్రవైద్యులు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి ఆప్టోమెట్రీ కూడా వచ్చింది. కనుక పరీక్షకు వెళ్ళినప్పుడు ‘మీరు ఆప్టోమెట్రీ చదివారా?’ అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. అది మన హక్కు.

ఈ సేవ నగరాలకే పరిమితం కాదు. 1987లో హైదరాబాదులో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థ, గ్రామాలకు చేరువలో విజన్ సెంటర్లను నెలకొల్పే విధానాన్ని అనుసరించింది. శిక్షణ పొందినవారు అక్కడ ప్రాథమిక పరీక్ష చేసి, అవసరమైన వారిని మాత్రమే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించిన కంటి వెలుగు, ఆ తరువాత 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు లక్షలాది మందిని తొలిసారి కంటి పరీక్ష వరకు తీసుకువచ్చాయి. హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రులూ ఉన్నాయి. చాలామందికి దారి ఉంది. ఆ దారిలో నడవాలన్న సంకల్పమే లోపిస్తున్నది.

పూర్తి పరీక్షలో ఏమి జరుగుతుంది?

మొదట మాటలతో మొదలవుతుంది. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా, మధుమేహం, రక్తపోటు ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, ఎప్పుడైనా స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నారా అని అడుగుతారు. వీటిని దాచకూడదు. నీటికాసులు రక్తసంబంధీకులలో వచ్చే అవకాశం అధికం. తండ్రికి ఉంటే కొడుకు, అక్కకు ఉంటే చెల్లెలు పరీక్ష చేయించుకోవాలి.

తరువాత అక్షరాల పట్టిక. డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో రూపొందించిన పట్టికే నేటికీ దీనికి ఆధారం. 6 మీటర్ల దూరం నుండి చూడవలసిన వరుసను అదే దూరం నుండి చదవగలిగితే 6/6 అంటారు. చదువు రానివారికీ, పసిపిల్లలకూ బొమ్మల పట్టికలు, దిక్కు చూపించే పట్టికలు ఉంటాయి. అమ్మమ్మకు చదువు రాదు కనుక పరీక్ష చేయలేరని అనుకోవడం పొరపాటు.

యంత్రం ఇచ్చే నంబరు అంచనా మాత్రమే. దానిని ప్రయోగపు ఫ్రేములో కటకాలు మార్చి మార్చి సరిచూడాలి. కంటిలోకి వెలుగు రేఖను ప్రసరింపజేసి, అది తిరిగి వచ్చే తీరును గమనించి నంబరు తెలుసుకునే పద్ధతి కూడా ఉంది. చూసే వస్తువు నుండి వెలుగు కంటిలోకి ప్రవేశించడం వల్లనే మనకు చూపు కలుగుతుందని పదకొండవ శతాబ్దంలో బస్రాకు చెందిన ఇబ్నుల్ హైసమ్ తన దృశ్యశాస్త్ర గ్రంథంలో సవిస్తరంగా నిరూపించారు. కంటి నుండే కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయన్న పాత అభిప్రాయాన్ని ఆయన తోసిపుచ్చారు. నేటి పరీక్షగదిలోని ప్రతి పరికరం ఆ సత్యం మీదనే పని చేస్తున్నది.

ఇంతవరకు జరిగింది చూపు కొలత. అసలు పరీక్ష ఇక్కడి నుండి మొదలవుతుంది. స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శినితో రెప్పలు, కంటి ముందున్న పారదర్శకమైన పొర అయిన కార్నియా, కటకం చూస్తారు. కంటి ఒత్తిడిని కొలుస్తారు. ఇది సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అయితే ఒత్తిడి మామూలుగా ఉన్నా నీటికాసులు ఉండవచ్చు. అందుకని దృష్టినాడిని కూడా చూడాలి. దానికోసం చుక్కలు వేసి కంటిపాపను విప్పారజేసి, వెనుక పొరనూ నాడినీ పరిశీలిస్తారు. ఆ తరువాత కొన్ని గంటలపాటు దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తాయి, వెలుతురు భరించడం కష్టమవుతుంది. ఆ రోజు స్వయంగా బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకువెళ్ళాలి.

పర్దా పాటించే స్త్రీలు పరీక్షను వాయిదా వేయడం మనం చూస్తూనే ఉన్నాము. చీకటి గది, పరాయి పురుషుడు అంత దగ్గరగా కూర్చోవడం వారికి ఇబ్బంది కలిగిస్తాయి. ఈ ఇబ్బంది తీరనిది కాదు. ఆప్టోమెట్రీ వృత్తిలో స్త్రీలు కూడా ఉన్నారు. ముందుగా అడిగి, వారు ఉన్న రోజున వెళ్ళవచ్చు. భర్తనో సోదరుడినో అమ్మాయినో గదిలో వెంట ఉంచుకోవచ్చు. ఇంటి యజమాని తన కళ్ళద్దాలకై వెళ్ళిన రోజున ఇంటి ఆడవారిని కూడా వెంట తీసుకువెళ్తే ఎన్నో ఏళ్ళ ఆలస్యం తప్పుతుంది.

ఎవరికి, ఎప్పుడు?

పిల్లలను బడిలో చేర్చే ముందే ఒకసారి పరీక్ష చేయించాలి. ఒక కన్ను బాగా కనిపించి రెండవది సరిగా కనిపించకపోతే పిల్లవాడు చెప్పలేడు. లోకమంతా అలాగే కనిపిస్తుందని అనుకుంటాడు. వాడని కంటిని మెదడు క్రమంగా పక్కన పెడుతుంది. దీనినే వాడుకలో లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు గుర్తిస్తే అద్దాలతో, మంచి కంటిని కొంతకాలం మూసి ఉంచడంతో సరిచేసే అవకాశం మెండుగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయి వదిలివేయడం పిల్లవాని చూపుతో ఆడుకోవడమే అవుతుంది. పిల్లల కంటి కండరం చురుకైనది. అది బిగుసుకుని నంబరును ఎక్కువ చేసి చూపుతుంది. అందుకే చుక్కలు వేసి పరీక్షించాలని ఆప్టోమెట్రిస్ట్ కోరితే కాదనకూడదు. పగటి వెలుతురులో రోజూ ఆరుబయట గడిపే పిల్లలలో హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు తెలుపుతున్నాయి.

40 ఏళ్ళ వయసులో అందరికీ చత్వారం మొదలవుతుంది. ఖుర్ఆన్ గ్రంథాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని పఠిస్తున్న నాన్నగారు కనిపిస్తే, పరీక్షకు సమయం వచ్చిందని గ్రహించాలి. చదువుకునే అద్దాల కోసం వెళ్ళిన ఆ సందర్భంలోనే కంటి ఒత్తిడినీ నాడినీ చూపించుకోవాలి. సాధారణంగా పెద్దల్లో కనిపించే మధుమేహం బయటపడిన నాడే కంటి పరీక్ష చేయించి, ఆపైన ఏటా ఒకసారి తప్పక వెళ్ళాలి.

లెన్సు అలంకారం కాదు

ప్రేగ్ నగరానికి చెందిన రసాయన శాస్త్రవేత్త ఒట్టో విక్టర్లే 1961లో తన ఇంట్లో, పిల్లలు ఆడుకునే నిర్మాణపు బొమ్మల ముక్కలతో ఒక యంత్రాన్ని అమర్చి, మెత్తటి కాంటాక్ట్ లెన్సులను తయారు చేశారు. అంతకు ముందున్నవి గాజువి, గట్టి ప్లాస్టిక్‌వి. నేటి మెత్తటి లెన్సుకు మూలం ఆయన కృషే. ఎక్కువ నంబరు ఉన్నవారికి, రెండు కళ్ళ నంబరులో పెద్ద తేడా ఉన్నవారికి, కార్నియా శంకువు ఆకారంలో ముందుకు పొడుచుకు వచ్చే జబ్బు ఉన్నవారికి లెన్సు గొప్ప సహాయం. అయితే అది నేరుగా కంటి మీద కూర్చునే వైద్య ఉపకరణం.

కార్నియాలో రక్తనాళాలు లేవు. అందుకే అది పారదర్శకంగా ఉంటుంది. తనకు కావలసిన ప్రాణవాయువులో అధికభాగాన్ని అది గాలి నుండి, కన్నీటి ద్వారా గ్రహిస్తుంది. లెన్సు పెట్టుకోవడమంటే ఆ దారికి అడ్డంగా ఒక తెర వేయడమే. తెర సరైనదైతే, సరైన సమయంలో తీసివేస్తే కన్ను సహిస్తుంది.

కళ్ళజోడు చీటీతో లెన్సులు కొనకూడదు. కళ్ళజోడు కంటికి కొంత దూరంలో ఉంటుంది, లెన్సు కంటిమీదనే ఉంటుంది. అందువల్ల మైనస్ 6 నంబరు కళ్ళజోడు వాడేవారికి లెన్సు నంబరు సుమారు మైనస్ 5.50 అవుతుంది. పైగా కార్నియా వంపును కొలిచి, దానికి తగిన వంపు, వ్యాసం ఉన్న లెన్సును ఎంచాలి. కొత్త లెన్సు పెట్టాక కొంతసేపు కూర్చోబెట్టి, రెప్ప కొట్టినప్పుడు అది తగినంత కదులుతున్నదా లేదా అని సూక్ష్మదర్శినితో చూస్తారు. బిగుతుగా ఉంటే కన్నీరు లోపలికి ప్రసరించదు. పెట్టడం, తీయడం మనచేత చేయించి, అది వచ్చాకనే ఇంటికి పంపే కేంద్రం మంచి కేంద్రం. ఆ తరువాత వారం పది రోజులకు ఒకసారి, ఆపైన ఏటా చూపించుకోవాలి.

నీటితో జాగ్రత్త

లెన్సు వాడేవారు గుర్తుంచుకోవలసిన మొదటి నియమం, లెన్సుకు నీరు తగలకూడదు. కుళాయి నీరు, బోరు నీరు, మిద్దె మీది ట్యాంకు నీరు, శుద్ధి యంత్రపు నీరు, సీసా నీరు ఏదీ పనికిరాదు. ఇంట్లో కలిపిన ఉప్పునీరు అసలే వద్దు. అకాంతమీబా అనే ఏకకణ జీవి మట్టిలోనూ నీటిలోనూ ఉంటుంది. తాగునీటిలో కలిపే క్లోరిన్‌కు అది తేలికగా చావదు. తాగితే ఏమీ చేయని ఆ నీటిచుక్క లెన్సు కిందికి చేరితే కార్నియాను తొలిచివేయవచ్చు. భరించరాని నొప్పి, నెలల తరబడి చికిత్స, ఒక్కోసారి కార్నియా మార్పిడి దాకా వెళ్ళవలసి వస్తుంది.

రోజుకు ఐదు పూటలు వుజూ చేసే మన ఇళ్ళలో ఈ ప్రశ్న సహజంగా వస్తుంది. వుజూలో ముఖాన్ని కడగడం విధి. కంటి లోపలికి నీరు పంపడం విధి కాదు. కనుక లెన్సు తీయనవసరం లేదు. కళ్ళు మెత్తగా మూసుకుని ముఖం కడిగి, రెప్పల మీది తడిని శుభ్రమైన తువ్వాలుతో అద్దుకున్న తరువాతనే కళ్ళు తెరవాలి. స్నానానికి, ఈతకు ముందు మాత్రం లెన్సులు తీసివేయాలి. ఇక లెన్సును ముట్టుకునే ముందు వుజూ చేసిన చేతులే కదా అని సరిపెట్టుకోకూడదు. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, ఆరిన చేతులతోనే ముట్టుకోవాలి.

రోజువారీ క్రమం

కుడి ఎడమలు తారుమారు కాకుండా ఎప్పుడూ ఒకే కంటితో మొదలుపెట్టాలి. లెన్సు వేలి కొన మీద గిన్నెలా నిలబడితే సరైన దిశలో ఉన్నట్టు. అంచులు బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు. అలంకరణకు ముందే లెన్సు పెట్టుకోవాలి, అలంకరణ తీయడానికి ముందే లెన్సు తీయాలి.

తీసిన లెన్సును అరచేతిలో ఉంచి, ద్రావణం వేసి, వేలితో మెత్తగా రుద్ది, మళ్ళీ ద్రావణంతోనే కడగాలి. రుద్దనవసరం లేదని సీసా మీద రాసి ఉన్నా రుద్దడమే మేలు. డబ్బీలో ప్రతి రాత్రి కొత్త ద్రావణం పోయాలి. నిన్నటి దానిలో కాస్త కలిపి సరిపెట్టడం క్రిములను పెంచి పోషించడమే. ఉదయం డబ్బీని ఖాళీ చేసి, ద్రావణంతో కడిగి, శుభ్రమైన కాగితంతో తుడిచి, బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకోసారి డబ్బీని మార్చాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం ద్రావణాన్ని నేరుగా కంటిలో వేస్తే మంట పుట్టి గాయం అవుతుంది. దానితోపాటు ఇచ్చిన ప్రత్యేక డబ్బీలో, సూచించిన గంటలు పూర్తయ్యాకనే వాడాలి.

నెల రోజుల లెన్సు అంటే మూత తెరిచిన నాటి నుండి నెల. మధ్యలో పది రోజులు వాడలేదు కదా అని గడువు పెంచకూడదు. లెన్సుతో నిద్రపోవడం కార్నియాకు సోకే ప్రమాదాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. సహర్ భోజనం తరువాత తీసే కునుకైనా, మధ్యాహ్నపు కునుకైనా నిద్ర నిద్రే. కళ్ళజోడును మాత్రం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఉమ్రా, హజ్ ప్రయాణాలలో ధూళి, ఎండ, నిద్రలేమి ఎక్కువ గనుక కళ్ళజోడే ఉత్తమం. తప్పదనుకుంటే ఒక్కరోజు వాడి పారవేసే లెన్సులు నయం.

పెళ్ళిళ్ళ రంగు లెన్సులు, సురుమా

నికాహ్, వలీమా రోజులలో పెళ్ళికూతురికి రంగు లెన్సులు పెట్టించడం పరిపాటి అవుతున్నది. నంబరు లేదు కనుక పరీక్ష ఎందుకని అనుకుంటారు. నంబరు లేకపోయినా అది కార్నియా మీద కూర్చునేదే. ఒకరికి పెట్టినదాన్ని కడిగి మరొకరికి పెట్టడం, అక్కాచెల్లెళ్ళు మార్చుకోవడం వ్యాధిని పంచుకోవడమే. కావాలనుకుంటే పెళ్ళికి కొన్ని వారాల ముందే పరీక్ష చేయించి, కొలత ప్రకారం కొని, పెట్టడం తీయడం నేర్చుకోవాలి.

సురుమా మన ఇళ్ళలో తరతరాలుగా ఉంది. అయితే బజారులో దొరికే సురుమాలలో చాలావాటికి మూలపదార్థం సీసపు ఖనిజమని పరీక్షలలో తేలింది. సీసం శరీరంలో చేరితే పసిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. రెప్పల మీద పెట్టినది చేతికి, చేతి నుండి నోటికి చేరుతుంది. కనుక పిల్లల కళ్ళకు పెట్టడం మానాలి. లెన్సు ఉన్న కంటికి సురుమా, కాటుక లోపలి అంచున పెట్టకూడదు. ఆ పొడి లెన్సు కింద చేరి కార్నియాను గీస్తుంది. కళ్ళు ఎర్రబడితే తేనె, చనుబాలు, గులాబీ నీరు వేయడం కూడా ప్రమాదకరమే.

రమజాన్‌లో కంటి చుక్కలు

నీటికాసుల రోగులలో కొందరు ఉపవాసం భంగమవుతుందేమోనని రమజాన్ పగటి వేళల్లో చుక్కలు మానివేస్తారు. నెలరోజులపాటు కంటి ఒత్తిడి అదుపు తప్పితే, నాడికి జరిగిన నష్టం ఈద్ తరువాత పూడదు. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, కంటి చుక్కలు ఉపవాసాన్ని భంగపరచవని నిర్ణయించింది. ఇంకా సంకోచం ఉన్నవారు తమ ఆలిములను అడగాలి. మరోవైపు నేత్రవైద్యుని కలిసి, ఇఫ్తార్‌కూ సహర్‌కూ కుదిరేలా మందును మార్చగలరేమో తెలుసుకోవాలి. చుక్క వేశాక కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో అదిమి ఉంచితే మందు గొంతులోకి దిగడం బాగా తగ్గుతుంది. తమంతట తాముగా మానివేయడం మాత్రం తగదు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

లెన్సు వాడేవారికి కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా వెంటనే లెన్సు తీసివేయాలి. తీసినదాన్ని పారవేయకుండా డబ్బీతో సహా నేత్రవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఏ క్రిమి సోకిందో తెలుసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే ఎరుపు తగ్గి, లోపల పుండు పెరిగిపోతుంది. అకస్మాత్తుగా కంటి ముందు మెరుపులు, నల్లచుక్కల వాన, తెర దిగినట్టు కనిపిస్తే లెన్సు ఉన్నా లేకున్నా అదే రోజున వెళ్ళాలి.

ఈ వ్యాసం చదవడం ముగించాక ఇంటిల్లిపాదినీ ఒకసారి లెక్క వేసుకోవాలని కోరుతున్నాము. 40 దాటినవారు ఎవరు? మధుమేహం ఉన్నవారు చివరిసారి కళ్ళు ఎప్పుడు చూపించుకున్నారు? బడికి వెళ్ళే పిల్లలలో ఇంతవరకు పరీక్షే జరగనివారు ఎవరు? అమ్మాయి లెన్సుల డబ్బీ ఎన్ని నెలల నాటిది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకుని, ఈ నెలలోనే ఒక రోజును నిర్ణయించుకోండి. పరీక్షకు కూర్చున్నప్పుడు, నంబరు చెప్పి పంపివేయబోతే, ‘కంటి ఒత్తిడి, దృష్టినాడి కూడా చూడండి’ అని అడగండి.